సున్నం ఎర్రబడిన శుక్రవారం

ఆ సినిమా ప్రొద్దుటూరులో ఆడినన్నాళ్లూ మా వీధిలో నాకు మనశ్శాంతి లేదు. పాలు పోయించుకోవడానికి గిన్నె పట్టుకుని బయటికొస్తే చాలు, పిల్లలు చుట్టుముట్టేవాళ్లు. “పెద్దమ్మా, నువ్వు నిజంగానే బైకు మీద నుంచి దూకినావా?” అని ఒకడు. “తుపాకి చీరలో యాడ పెట్టుకుంటివి?” అని ఇంకొకడు. తెర మీద మొదట్లోనే ‘జరిగిన సంఘటన ఆధారంగా’ అని వేశారు కదా, ఇక నా మాట ఎవరు వింటారు? ఆ జరిగిన సంఘటనలో ఉన్న ఆడ పోలీసును నేనే. దూకలేదు. తుపాకి లేదు. ఆ రోజు నా దగ్గరున్న ఆయుధాలు ఒక ప్లాస్టిక్ బుట్ట, అందులో నాలుగు అరటిపండ్లు, ఒక పాత సెల్‌ఫోను.

మా శాఖలో కొత్తగా చేరిన అమ్మాయిలు కూడా ఫోన్ చేసి, “మేడం, అసలేం జరిగిందో రాయండి, మాకు పనికొస్తుంది” అన్నారు. పనికొస్తుందో లేదో నాకు తెలియదు. ఆ శుక్రవారం తలుచుకుంటే మాత్రం రిటైరై ఇంట్లో కూర్చున్న ఈ వయసులో కూడా నాకు కూర్చోబుద్ధి కాదు. లేచి అటూ ఇటూ తిరుగుతాను. ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచాను.

మాది లంచం తీసుకునే ఉద్యోగులను పట్టుకునే శాఖ. నేను అప్పుడు హెడ్ కానిస్టేబుల్‌ని. మా ఇన్‌స్పెక్టరు కోస్తా నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చాడు. మంచి మనిషి, మాటంటే మాటే. కాకపోతే మా కడప భాష ఆయనకు సగమే అర్థమయ్యేది, మా కారం అసలే పడేది కాదు. అలాంటి రోజుల్లో తొండూరు వైపు ఒక పల్లె నుంచి ఒకామె మా ఆఫీసుకు వచ్చింది. అరవై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉండేది. గొంతు విప్పితే పక్క చేనులో పని చేసుకునేవాళ్లు కూడా తలెత్తి చూస్తారు. నేను ఆమెను మొదటి రోజు నుంచీ అవ్వా అనే పిలిచాను. ఇక్కడ కూడా అవ్వ అనే రాస్తాను.

ఇన్‌స్పెక్టరు కుర్చీ చూపించి, “మామ్మగారూ, కంగారు పడకుండా చెప్పండి” అన్నాడు.

అవ్వ నా వైపు తిరిగింది. “ఈయప్ప ఎవరిని పిలుస్తాండాడు పాపా?”

“నిన్నే అవ్వా.”

“అవ్వా అంటే సాలదా? ఆ పేరెందుకు నాకు?”

సంగతి ఇది. అవ్వకూ ఆమె ఇంటాయనకూ ఒక చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది. బోరులో నీళ్లున్నాయి. కానీ ఎండలు మొదలవుతూనే తోట దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కొత్తది ఇవ్వమని సంతకం పెట్టాల్సిన ఇంజనీరు పులివెందుల చుట్టుపక్కల ఒక చిన్న ఊళ్లో ఉండేవాడు. ఊరి పేరు అడగకండి, చెప్పను. ఆ మహానుభావుడు సంతకం పెట్టడు. కాదనడు, ఔననడు, రేపు రమ్మంటాడు. అవ్వ కాళ్లకు బలపాలు కట్టుకుని తిరిగింది. చివరికి బయట కూర్చునే అటెండరు చెవిలో చెప్పాడంట, “సారుకు వక్కాకు ఇచ్చుకోవాల అవ్వా” అని. ఆ ఆఫీసులో లంచానికి అదే పేరు. ఆ ఇంజనీరు తమలపాకు మనిషి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నోరు ఆడుతూనే ఉంటుంది.

“మా ఇంటాయన వద్దన్న్యాడు సార్,” అంది అవ్వ. “పెద్దోళ్లతో మనకెందుకే, ఇచ్చేద్దాంలే అన్న్యాడు. నాకు ఒళ్లు మండింది. నా చెట్లకు నీళ్లు పెట్టుకునేదానికి నేనెందుకు ఇయ్యాల?”

ఇన్‌స్పెక్టరు ఉత్సాహంగా ముందుకు వంగాడు. “మీరు ధైర్యంగా నిలబడితే చాలు, అతన్ని జైలుకు పంపిస్తాం.”

“ఆయప్ప జైలుకు పొయ్యేది నాకంత ముఖ్యం కాదు సార్. చెట్లు సస్తాండాయి. నీళ్లు కావాల. ఆయప్పనూ పట్టుకోవల్ల, నా కరెంటు పెట్టె కూడా రావల్ల. రెండూ జరుగుతాయా?”

“జరుగుతాయి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. చాలా తేలిగ్గా అనేశాడు. ఆ మాట ఎంత బరువైనదో అప్పుడు ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

శుక్రవారం పొద్దున మేమంతా వేంపల్లెలో ఒక కల్యాణ మండపం గదిలో కలుసుకున్నాం. పద్ధతి మీకు తెలుసు, తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇవ్వబోయే నోట్లకు తెల్లటి పొడి ఒకటి పూస్తాం. కంటికి కనపడదు, వాసన రాదు. నోట్లు పట్టుకున్నవాడి వేళ్లకు అది అంటుకుంటుంది. తర్వాత ఆ వేళ్లను సోడా పొడి కలిపిన నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగులోకి మారతాయి. పేపర్లో ఫొటోలు చూసే ఉంటారు, బల్ల మీద గులాబీ నీళ్ల సీసాలు, వెనకాల తల వంచుకున్న మనిషి. అంతే మా మంత్రం.

మేము అన్నీ జాగ్రత్తగా చూశాం. అవ్వ దగ్గర వేరే డబ్బులు లేకుండా తీసేశాం. పొడి పూసిన నోట్లు ఆమె చేతి సంచిలో మా కానిస్టేబుల్ పెట్టాడు. ఇంజనీరు అడిగేదాకా వాటిని ముట్టుకోవద్దని ఇన్‌స్పెక్టరు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు. నేను అవ్వ చెల్లెలి కోడలిగా వెంట వెళ్లాలి. ఆయన నోట్లు తీసుకున్న వెంటనే అవ్వ కొంగుతో ముఖం తుడుచుకోవాలి. అది చూసి నేను బుట్టలో ఉన్న ఫోను నొక్కాలి. ఇంజనీరు ఆఫీసుకు ఎదురుగా టీ అంగడిలో లుంగీ కట్టుకుని కూర్చున్న ఇన్‌స్పెక్టరు ఆ మిస్డ్ కాల్ చూసి పైకి రావాలి.

ఇన్ని చూసినవాళ్లం ఒక్కటి చూడలేదు. అవ్వ నడుముకు వక్కాకు తిత్తి, అంటే ఆకూ వక్కా దాచుకునే గుడ్డ సంచి ఉంది. ఇన్‌స్పెక్టరుకు తమలపాకు అలవాటు లేదు కాబట్టి ఆయనకు తోచలేదు అనుకుందాం. మిగిలిన మేమంతా సీమవాళ్లమే. మాకెందుకు తోచలేదంటే, మా వైపు ముసలామె నడుముకు వక్కాకు తిత్తి ఉండడం చేతికి గాజులున్నంత మామూలు. కళ్లెదుట ఉన్నా కనపడదు. ఆ తిత్తిలో సున్నం డబ్బీ, మా మాటలో సున్నంకాయ, ఉంటుంది. సున్నం తగిలినా ఆ పొడి గులాబీ రంగుకు తిరుగుతుంది. ఈ సంగతి మా గదిలో ఉన్న ఒక్క బుర్రకూ తట్టలేదు. జనం పెండ్లి భోజనాలు చేసి వక్కాకు నములుతూ తిరిగే కల్యాణ మండపంలోనే కూర్చుని కూడా తట్టలేదు.

ఇంజనీరు ఆఫీసు మేడ మీద. మెట్లెక్కుతూ బుట్టలో ఫోను ఉందో లేదో రెండుసార్లు తడుముకున్నాను. నాకది మొదటి దాడి కాదు. అయినా ప్రతిసారీ అంతే. అవ్వ మాత్రం సంతకు పోతున్నట్టు పోతోంది.

ఇంజనీరు ఒక్కడే ఉన్నాడు. లావుపాటి మనిషి, నవ్వు ముఖం. మీరు సినిమాలో చూసిన ఎర్ర కళ్లు, మెలితిరిగిన మీసం ఏమీ లేవు. చూస్తే ఎవరింటి శుభకార్యంలోనో వడ్డన దగ్గర నిలబడి అందరినీ పలకరించే పెద్దమనిషిలా ఉన్నాడు.

“ఈమెవరు?” అన్నాడు నన్ను చూసి.

“మా చెల్లెలి కోడలు నాయనా. సదువుకున్న్యాది. కాగితం సరిగ్గా ఉందో లేదో సూస్తాదని పిల్చుకోనొచ్చినా.”

“సూడనీలే. మరి వక్కాకు తెచ్చినావా?”

“తెచ్చినా నాయనా.”

సంచి విప్పింది. నోట్లు ఇచ్చింది. ఆయన కుడిచేత్తో తీసుకుని, బొటనవేలితో ఒకసారి మందం చూసుకుని, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అయిపోయింది. నా చెయ్యి బుట్టలోకి పోయింది. నా కళ్లు అవ్వ కొంగు మీద ఉన్నాయి.

కొంగు కదల్లేదు.

“ఇంగ సంతకం పెట్టు నాయనా,” అంది అవ్వ.

మరిచిపోయిందేమో అనుకుని కాలితో ఆమె కాలు తట్టాను. అవ్వ కాలు పక్కకు జరుపుకుంది. అప్పుడు అర్థమైంది నాకు. మరిచిపోలేదు. సంతకం పడేదాకా ముఖం తుడుచుకోదు. మా ఇన్‌స్పెక్టరు కింద టీ మీద టీ తాగుతూ ఫోను వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇక్కడ ఈమె మా పనిని పక్కనపెట్టి ముందు తన పని చూసుకుంటోంది. నిజం చెప్పాలంటే, లోపల ఎక్కడో ఆమెను మెచ్చుకోకుండా కూడా ఉండలేకపోయాను.

“పెడతాలే అవ్వా, యాడికి పోతాది సంతకం,” అన్నాడు ఆయన కుర్చీలో వెనక్కి వాలి. “నోరు సప్పగా ఉండాది. నా ఆకులు అయిపోయినాయి. నీ తిత్తిలో ఉండాయా?”

“ఉండకేం నాయనా.”

అవ్వ తిత్తి విప్పింది. రెండు ఆకులు, వక్క, సున్నంకాయ బల్ల మీద పెట్టింది. ఆ సున్నంకాయ చూడగానే కొంప మునిగింది అనుకున్నాను. ఆపడానికి ఏం చెయ్యాలి? అరటిపండు ఇవ్వనా? మూర్ఛ వచ్చినట్టు పడిపోనా? ఏదో ఒకటి తేల్చుకునేలోపే ఆయన ఆకు తొడిమె గిల్లి, చూపుడువేలితో సున్నం తీసి, ఆకు వెనకవైపు రాశాడు. నోట్లు పట్టుకున్న అదే చెయ్యి, అదే వేలు.

ఆకు మీద తెల్లగా ఉండాల్సిన సున్నం గులాబీ రంగులో గీత గీసింది. వేలి కొన కూడా గులాబీ రంగు.

ఆయన చెయ్యి ఆగిపోయింది. వేలు ముఖం దగ్గరికి తెచ్చుకుని చూశాడు. తర్వాత అవ్వను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆ మూడో చూపులో నవ్వు లేదు. గులాబీ నీళ్ల సీసాల ఫొటోలు చూడని ఉద్యోగి ఈ జిల్లాలో ఎవరు? ఇంకొక్క నిమిషం ఆలోచిస్తే జేబులో నోట్లు కిటికీలోంచి బయటికి పోతాయి, ఆయన బాత్రూములోకి పోతాడు. కేసు పోతుంది. ఆ తర్వాత ఆ అవ్వకు ఈ జన్మలో ట్రాన్స్‌ఫార్మర్ రాదు.

“ఇదేంది అవ్వా?” అన్నాడు నెమ్మదిగా.

అవ్వ రెప్ప కూడా వేయలేదు.

“శుక్రవారం గదా నాయనా. పొద్దున్నే గడపలకు పసుపు పూస్తి. బస్సు పోతాదేమోనని చెయ్యి సరింగా కడుక్కోకుండా ఉరికొస్తి. ఆ చేత్తోనే ఆకులు తీసిస్తి. పసుపుకు సున్నం తగిల్తే ఎర్రగాక తెల్లగుంటాదా? మీ ఇంట్లో దిష్టి నీళ్లు ఎప్పుడూ తియ్యలేదా?”

నేను బుట్టలోకి చూస్తూ కూర్చున్నాను, తలెత్తితే నా ముఖమే అన్నీ చెప్పేస్తుందని.

ఆయన పెద్దగా నవ్వాడు. “మా ఇంట్లోనూ ఇంతే అవ్వా. శుక్రవారం వస్తే తలుపులు, గడపలు, నా చొక్కాలు, అన్నిటికీ పసుపే.” ఆకు చుట్టి నోట్లో పెట్టుకున్నాడు. ఫైలు లాక్కున్నాడు. పెన్ను తీశాడు.

సంతకం పెట్టాడు. పెట్టేటప్పుడు కాగితం జరగకుండా వేలు అదిమి పట్టుకున్నాడు. సంతకం పక్కనే గులాబీ రంగు వేలిముద్ర పడింది. మా శాఖ చరిత్రలో లంచం తీసుకున్న వేలు, పని చేసిపెట్టిన సంతకం ఒకే కాగితం మీద అంత ముచ్చటగా పక్కపక్కన కూర్చున్నది ఇంకెక్కడా నేను వినలేదు.

“సూడు పాపా, సంతకం సరింగుండాదా?” అంది అవ్వ నాతో.

“ఉంది అవ్వా. బాగుంది,” అన్నాను.

అప్పుడు తుడుచుకుంది ముఖం. ఒకసారి కాదు. ఎండలో చేను దున్ని వచ్చినట్టు, నుదురు, బుగ్గలు, మెడ, చెవుల వెనక కూడా తుడుచుకుంది. నేను ఫోను నొక్కాను.

సినిమాలో ఇన్‌స్పెక్టరు గోడ దూకి కిటికీ అద్దం పగలగొట్టుకుని వస్తాడు. మా ఇన్‌స్పెక్టరు మెట్లెక్కి వచ్చాడు. లుంగీ కట్టుకోవడం అలవాటు లేని మనిషి, సగం మెట్ల దగ్గర అది జారింది. ఒక చేత్తో లుంగీ, ఇంకో చేత్తో గుర్తింపు కార్డు పట్టుకుని ఆయాసపడుతూ లోపలికొచ్చి, “కదలకండి” అన్నాడు. ఆ మాట ఎవరికి చెప్పాడో తెలియదు గానీ అందరం కదలకుండా నిలబడ్డాం. మావాళ్లు ఇంజనీరు రెండు చేతులూ పట్టుకున్నారు. గ్లాసులో సోడా నీళ్లు కలిపారు. వేళ్లు ముంచారు. నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ రంగు చూస్తే చిన్నపిల్లలా సంబరం.

“పసుపు సార్,” అన్నాడు ఇంజనీరు. “ఈ అవ్వ చెయ్యి పసుపు. అడగండి ఆమెనే. ఇప్పుడే చెప్పింది.”

“పసుపేంటి?” అన్నాడు ఇన్‌స్పెక్టరు నా వైపు చూసి. ఆయనకు నవ్వాలో భయపడాలో తెలియలేదు. జేబులో నోట్లు బయటికి తీశాక కూడా ఇంజనీరు పసుపు పసుపు అంటూనే ఉన్నాడు.

కిందికి దిగేసరికి వీధంతా జనం. ఎవరు చెప్పారో ఏమో. చప్పట్లు కొట్టారు. ఒకాయన అవ్వకు మజ్జిగ తెచ్చిచ్చాడు. టీ అంగడాయన ఇన్‌స్పెక్టరు తాగిన టీలకు డబ్బులు వద్దన్నాడు. ఇన్‌స్పెక్టరు కంగారుగా, “అమ్మో, ముందు అది తీసుకోండి” అని ఆయన జేబులో కుక్కి వచ్చాడు. మేమంతా పడీపడీ నవ్వాం. అంత సంతోషంగా మా జీపు ఎప్పుడూ కడపకు తిరిగి రాలేదు.

కానీ జీపు ఎక్కేముందు ఒక మాట జరిగింది. అవ్వ ఇన్‌స్పెక్టరు దగ్గరికొచ్చి చెయ్యి చాపింది.

“ఇంగ ఆ కాగితం ఇయ్యి సార్. స్టోరుకు పోయి పెట్టె తెచ్చుకుంటా.”

ఇన్‌స్పెక్టరు నీళ్లు నమిలాడు. సంతకం, దాని పక్కన గులాబీ వేలిముద్ర. అంతకంటే గొప్ప సాక్ష్యం ఉండదు కదా, మేమే దాన్ని కవరులో పెట్టి సీలు వేశాం.

“అది కోర్టుకు వెళ్లాలి మామ్మ... అవ్వా.”

“కోర్టుకు పోతే నా చెట్లకు నీళ్లెవరు పెడతారు? కోర్టా?”

అవ్వ తిత్తి నడుముకు దోపుకుని బస్టాండు వైపు నడిచిపోయింది. మా సినిమా అక్కడితో అయిపోయింది. ఆమెది అప్పుడే మొదలైంది.

కొత్తగా వచ్చిన ఇంజనీరు ఆ ఫైలు ముట్టుకోవడానికి భయపడ్డాడు. అసలు కాగితం లేకుండా ఎట్లా ఇస్తాను అన్నాడు. ఆ ఆఫీసులో వాళ్లు, “అవ్వ కాగితం ముట్టుకుంటే చేతులు ఎర్రబడతాయి” అని వేళాకోళం చేసుకునేవాళ్లంట. ఒకరోజు నేను సెలవు పెట్టి ఆ తోట చూడ్డానికి పోయాను. ఆకులు ముడుచుకుపోయాయి. గోలీల్లాంటి పిందెలు రాలి నేలంతా పడి ఉన్నాయి. అవ్వ, ఆమె ఇంటాయన ట్యాంకరు నీళ్లు కొనుక్కుని బిందెలతో మోస్తున్నారు. నన్ను చూసి ఆయన, “జైల్లో ఉండేటోడు నీడలో ఉన్న్యాడు పాపా, మేమే ఎండలో ఉన్న్యాం” అన్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వచ్చి ఇన్‌స్పెక్టరుకు చెప్పాను. ఆయన, “జరుగుతాయి అని నేనే కదండీ అన్నాను” అన్నాడు. మరుసటి రోజు సీలు వేసిన కాగితానికి నకలు తీసి, దాని మీద సంతకాలు, ముద్రలు వేయించుకుని పై అధికారుల ఆఫీసుకు పోయాడు. అక్కడ బెంచీ మీద కూర్చున్నాడు. రేపు రమ్మన్నారు. రేపు పోయి కూర్చున్నాడు. మళ్లీ రేపు రమ్మన్నారు. ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు, దాడులు చేసే శాఖవాడు, ముసలామె ట్రాన్స్‌ఫార్మర్ కోసం ఒక ఆఫీసు బెంచీ మీద కూర్చుని నిద్రపోవడం మీరు సినిమాలో చూడలేదు కదా. నేను చూశాను. పక్కన కూర్చుని చెనిక్కాయలు, అదే వేరుశనక్కాయలు, ఒలిచి పెట్టాను కూడా. అవి మాత్రం ఆయనకు పడేవి.

చివరికి ట్రాక్టరు మీద ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. అప్పటికి తోటలో ఒక పక్కనున్న చెట్లు ఎండిపోయాయి. మిగతావి బతికాయి. మోటారు వేసి పాదుల్లోకి నీళ్లు పారుతుంటే అవ్వ గట్టు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది. మా ఇద్దరికీ థాంక్సు చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదు. కారం తక్కువేసి వండిందంట, ఇన్‌స్పెక్టరును కూర్చోబెట్టి సంగటి పెట్టింది. ఆయన ఆ తక్కువ కారానికే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

కేసు కోర్టులోకి వచ్చేసరికి కొన్నేళ్లు గడిచాయి. ఎంతో ముద్దుగా దాచిన ఆ గులాబీ వేలిముద్ర వెలిసిపోయి, కాగితం మీద సున్నం మరక ఒకటే మిగిలింది. ఆ రంగు నిలవదు, మామూలే. లాబొరేటరీ నివేదిక గట్టిగానే ఉంది. అయినా అవతలి వకీలు పసుపు పట్టుకున్నాడు. పసుపు అని అవ్వే చెప్పిందా లేదా అన్నది ఆయన ప్రశ్న. నా సాక్ష్యంలో, అవును చెప్పిందని ఒప్పుకున్నాను. ఇక ఆయనకు పండగే. అవ్వను బోనులో నిలబెట్టి, “గడపకు పసుపు పూసి వచ్చానని ఆ రోజు నువ్వే చెప్పావా?” అన్నాడు.

“చెప్పినా.”

“అది నిజమా, అబద్ధమా?”

నిజమంటే రంగు పసుపుదే అంటాడు. అబద్ధమంటే ఈమె అబద్ధాలకోరు అంటాడు.

“అబద్ధం,” అంది అవ్వ.

“చూశారా, అబద్ధం చెప్పానని తనే ఒప్పుకుంటోంది. ఇటువంటి మనిషి మాట ఎట్లా నమ్మడం?”

అవ్వ వకీలు వైపు చూడలేదు. నేరుగా జడ్జిగారి వైపు తిరిగింది.

“సామీ, చెట్లు ఎండిపోతాండాయని ఆ ఆఫీసులో ఎన్నితూర్లు నిజం చెప్పినానో లెక్కలేదు. ఒక్కరూ ఇనలేదు. ఆ పొద్దు ఒక్క అబద్ధం చెప్తి. పోలీసులొచ్చిరి, పేపరోళ్లొచ్చిరి, ఇప్పుడు మీరు కూడా ఇంటాండారు. అబద్ధమే, కాదనను. నా నిజాన్ని ఇనుంటే నాకు అబద్ధంతో పనేముండె?”

కోర్టు హాల్లో నవ్వులు. జడ్జిగారు తల వంచుకుని రాసుకుంటూ ఉండిపోయారు. వకీలు ఇక ప్రశ్నలు లేవని కూర్చున్నాడు. నేను బెంచీ కింద పిడికిలి బిగించుకుని కూర్చున్నాను, లేచి గంతులేస్తే బాగుండదని. శిక్ష పడింది.

ఆ తర్వాతే జమ్మలమడుగు కుర్రవాడొకడు, సినిమా పిచ్చివాడు, స్నేహితులను పోగేసుకుని దీన్ని సినిమాగా తీస్తానని నా దగ్గరికొచ్చాడు. అంతా చెప్పాను. అంతా రాసుకున్నాడు. తీరా చూస్తే జమ్మలమడుగు రోడ్ల మీద బైకులు, జీపులు, తరుముకోవడాలు. సున్నం లేదు, పసుపు లేదు.

“అదేంది నాయనా, అసలుది తీసేస్తివి?” అన్నాను.

“పసుపు సంగతి ప్రేక్షకులకు అర్థం కాదేమో మేడం.”

“ఏ ఊరి ప్రేక్షకులకు? దిష్టి నీళ్లు తియ్యని ఇల్లు యాడుండాదో సూపించు, నేనూ సూస్తా,” అని తిట్టి పంపాను. పంపానే గానీ, వాడి ఉత్సాహం చూస్తే ముచ్చటేసింది.

విడుదలకు ముందు మాకు మాత్రం ఒక ఆట వేశాడు. నేను, అవ్వ, ఇన్‌స్పెక్టరు పక్కపక్కన కూర్చున్నాం. ఇన్‌స్పెక్టరు రిటైరై తన ఊరికి పోయినా, దీని కోసం రైలెక్కి వచ్చాడు. తెర మీద తను గోడ దూకుతుంటే సిగ్గుతో ముఖం మీద చెయ్యి పెట్టుకున్నాడు. విలనును పట్టుకుని జీపెక్కించారు, పాట వచ్చింది, అయిపోయింది. లైట్లు వెలిగాయి. డైరెక్టరు కుర్రవాడు పరిగెత్తుకుంటూ వచ్చి అవ్వ ముందు నిలబడ్డాడు.

“ఎట్లుంది అవ్వా?”

“బాగుండాది నాయనా,” అంది అవ్వ. “నీళ్లు ఎప్పుడొస్తాయి?”

“ఏం నీళ్లు?”

“చెట్లకు. ఆయప్పను తీస్కపోయినారు సరే. చెట్లకు నీళ్లు రాకనే లైట్లేసిరి.”

ఇన్‌స్పెక్టరు ముఖం మీద నుంచి చెయ్యి తీసి, “ఆ ప్రశ్న నన్ను ఒకసారి అడిగింది బాబూ, నాకు తల ప్రాణం తోకకొచ్చింది. నువ్వు తప్పించుకోలేవు” అన్నాడు.

తప్పించుకోలేదు. మరుసటి వారమే కెమెరా పట్టుకుని తొండూరు వైపు పోయాడు. అవ్వ తోటలోనే తీశాడు. విడుదలైన రోజు ప్రొద్దుటూరు థియేటరు నిండిపోయింది. బైకులు, గోడలు, ఫైటింగులు అన్నిటికీ జనం మామూలుగానే కేకలేశారు. ఆఖర్లో పాట ఆగిపోయి, తెర మీద ఒక ముడతలు పడిన చెయ్యి మోటారు స్విచ్ వేసింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత పైపులోంచి నీళ్లు దుమికి, పాదు నుంచి పాదుకు, ఎండిన ఆకుల మీదుగా పారుకుంటూ పోయాయి.

థియేటరు దద్దరిల్లిపోయింది. ముందు వరసల్లోవాళ్లు లేచి నిలబడి ఈలలు వేశారు. ఆ ఈలలేసినవాళ్లందరికీ ఏదో ఒక ఆఫీసులో ఏదో ఒక సంతకం కోసం నిలబడిన రోజు ఉండే ఉంటుంది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

అవ్వ చప్పట్లు కొట్టలేదు. తెరను చూస్తూనే తిత్తి విప్పి, ఆకు తీసి, చూపుడువేలితో సున్నం తీసుకుంది. రాయబోయి ఆగి, ఆ వేలిని తెర వెలుగులోకి ఎత్తి నా ముఖం ముందు పెట్టింది.

“ఈతూరి తెల్లగానే ఉండాది సూడు పాపా,” అంది.